27 సైటేషన్ల నుంచి 5 తీర్పులకు: ఒక భాగపంపిణీ అప్పీలులో మా రీసెర్చ్ కథ

ఇది జిల్లా కోర్టులో మేము నడిపిన ఒక మొదటి అప్పీలు గురించి. పార్టీల ఆనవాళ్లు బయటపడకుండా ఊరి పేరు, కొన్ని వివరాలు మార్చాను. చట్టానికి సంబంధించినవి, రాతపూర్వక వాదన తయారైన తీరు ఉన్నదున్నట్టే రాస్తున్నాను. జూనియర్లకు తీర్పులు వెతకడం నేర్పుతున్నాం. దొరికిన తీర్పు మన కేసులో ఏ వాక్యాన్ని మోయగలదో చూడటం మాత్రం నేర్పడం లేదు. ఈ అప్పీలులో మా ఆఫీసు అది మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది.

కేసు

కోస్తాలో ఒక గ్రామం. 7 ఎకరాల 20 సెంట్ల మాగాణి, పిత్రార్జితం. తండ్రి 2001లో, తల్లి 2009లో పోయారు. ఇద్దరూ వీలునామా రాయలేదు. నలుగురు పిల్లలు: ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. మా క్లయింటు పెద్దమ్మాయి, ఆమె పెళ్లి 1982లో జరిగింది. 2014లో తన వాటా కోసం దావా వేశారు. తమ్ముళ్ల జవాబు మూడు మాటలు. ఒకటి, పొలం 1996లోనే పంచుకున్నాం, నాన్న తన భాగం వదులుకుని ఏటా మనోవర్తి కింద ధాన్యం పుచ్చుకున్నారు. రెండు, అక్క పెళ్లి 1985కి ముందే అయిపోయింది కాబట్టి ఆమెకు హక్కు లేదు. మూడు, నాన్న 2005కి ముందే చనిపోయారు కాబట్టి కేంద్ర చట్టమూ ఆమెకు వర్తించదు. చెల్లెలు కోర్టుకు రాలేదు, ఎక్స్‌పార్టీ అయింది.

2019లో కింది కోర్టు దావా కొట్టేసింది. అప్పీలులో ఫైలు మా దగ్గరకు వచ్చింది.

ఈ తేదీల వెనక ఉన్న చట్టం కొంచెం చెప్పాలి. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ 1986లో సవరణ తెచ్చి 29-ఎ సెక్షన్ చేర్చింది. ఎన్టీఆర్ ప్రభుత్వ కాలం నాటి చట్టం అది. కూతురిని కొడుకుతో సమానంగా కోపార్సెనర్‌ను, అంటే పుట్టుకతోనే వాటా ఉన్న ఉమ్మడి హక్కుదారును చేసిన మొదటి రాష్ట్రం మనదే. ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చినట్టు లెక్క. అయితే ఆ తేదీకి ముందు పెళ్లయిన కూతురికి, ఆ తేదీకి ముందు జరిగిపోయిన పంపకానికి అది వర్తించదు. తర్వాత 2005లో పార్లమెంటు 6వ సెక్షన్‌నే మార్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా కూతురు కోపార్సెనర్. ఇందులో పెళ్లి ప్రస్తావన లేదు.

మొదటి డ్రాఫ్టు

మా జూనియర్ తెలివైన అమ్మాయి, కష్టపడుతుంది. పది రోజుల్లో 31 పేజీల రాతపూర్వక వాదన తెచ్చింది. అందులో 27 సైటేషన్లు, అంటే ఆధారంగా చూపిన పాత తీర్పులు, ఉన్నాయి. చదువుతుంటే ప్రతి పేజీలోనూ ఏదో ఒక మంచి మాట కనబడుతుంది. ముగించాక మాత్రం మా క్లయింటు ఎందుకు గెలవాలో ఒక్క వాక్యంలో చెప్పలేకపోయాను. చెప్పమని ఆమెనే అడిగాను. "వినీతా శర్మ ఉంది కదా మేడమ్" అంది.

ఉంది. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఇచ్చిన వినీతా శర్మ వర్సెస్ రాకేశ్ శర్మ తీర్పు మా అప్పీలుకు ప్రాణం. అంతకుముందు ప్రకాశ్ వర్సెస్ ఫూలవతి తీర్పు 2015లో ఒక మాట చెప్పింది: 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి, కూతురు ఇద్దరూ బతికుండాలని. 2018లో దానమ్మ కేసులో తండ్రి 2001లో పోయినా కూతుళ్లకు వాటా ఇచ్చారు. రెండూ ఇద్దరేసి జడ్జీల తీర్పులే. ఆ గొడవ తీర్చడానికే ముగ్గురు జడ్జీలు కూర్చున్నారు. కూతురి హక్కు పుట్టుకతో వచ్చేది, తండ్రి ఆ తేదీకి బతికి ఉండనక్కర్లేదు అని తేల్చారు. మా అప్పీలు పెండింగులో ఉండగానే ఈ తీర్పు వచ్చింది. అప్పీలు దావాకు కొనసాగింపే కాబట్టి మాకు వర్తిస్తుంది. ఎదుటి పక్షం మూడో మాట దీంతో పోయింది. పెళ్లి గురించిన రెండో మాట కూడా 2005 చట్టం ముందు నిలవదు, ఎందుకంటే రాష్ట్ర సవరణ మీద తర్వాత వచ్చిన పార్లమెంటు చట్టానిదే పైచేయి, రాజ్యాంగం 254వ అధికరణ ప్రకారం.

ఈ రెండింటికి మా డ్రాఫ్టు 19 పేజీలు ఖర్చు పెట్టింది. కానీ కింది కోర్టు మమ్మల్ని ఓడించింది ప్రధానంగా మొదటి మాట మీద, 1996 పంపకం మీద. దానికి ఇచ్చింది 4 పేజీలే. ఆ నాలుగూ స్టాంపు లేని కాగితం చెల్లదన్న అభ్యంతరానికే పోయాయి. ఆ అభ్యంతరం అప్పటికే చచ్చిపోయింది. తమ్ముళ్లు చూపిన పంపకాల కాగితాన్ని కింది కోర్టులో బి-4గా, అంటే ప్రతివాదుల నాలుగో దస్తావేజుగా, మార్క్ చేసినప్పుడు మా తరఫున ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. స్టాంపు చట్టం 36వ సెక్షన్ ప్రకారం ఒకసారి సాక్ష్యంలోకి తీసుకున్నాక స్టాంపు లోపాన్ని మళ్లీ ఎత్తడానికి లేదు. 1961 నుంచీ స్థిరపడిన విషయం ఇది. రిజిస్ట్రేషన్ లేకపోవడం వేరే సంగతి, ఆ లోపం మార్కింగుతో మాఫీ కాదు. ఈ రెండింటినీ కలిపి రాయడం మా బార్‌లో రోజూ చూసే పొరపాటు.

ఇంకో విషయం. ఆ 27లో ఒక సైటేషన్ ఎంత వెతికినా దొరకలేదు. సుప్రీంకోర్టు తీర్పుల సైటు ఇ-ఎస్‌సీఆర్‌లో లేదు, తీర్పులు వెతికే ఇండియన్ కానూన్ సైటులో లేదు, మా దగ్గరున్న ఏ.ఎల్.డి., ఏ.ఎల్.టి. తీర్పుల సంపుటాల్లోనూ లేదు. ఆరా తీస్తే ఒక ఏఐ చాట్‌బాట్ ఇచ్చిందని తేలింది. 2023లో న్యూయార్క్‌లో మాతా వర్సెస్ ఏవియాంకా కేసులో ఇలాంటి లేని తీర్పులు దాఖలు చేసిన లాయర్లకు కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. జూనియర్‌ను నేను కోప్పడలేదు. ఆ రోజు నుంచి మా ఆఫీసులో నియమం ఒకటే: తీర్పు పూర్తి పాఠం ప్రింటు తీసి, వాడుకునే పేరా పక్కన పెన్సిలు గీత పెట్టి నా టేబుల్ మీద ఉంచాలి. గీత లేని సైటేషన్ డ్రాఫ్టులోకి రాదు.

కట్ట విప్పడం

తీర్పులన్నీ పక్కన పెట్టించాను. రూళ్ల కాగితం మీద తేదీల పట్టిక రాయమన్నాను: పుట్టినరోజులు, పెళ్లిళ్లు, చావులు, కాగితాలు, చట్టాలు, అన్నీ ఒకే వరసలో. గంట పట్టింది. ఆ గంటలో దొరికినన్ని విషయాలు అంతకు ముందు పది రోజుల్లో దొరకలేదు.

మొదటిది చెల్లెలి పెళ్లి. 1991. ఆమె కోర్టుకు రాలేదు కాబట్టి ఆమె సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కానీ 1985 సెప్టెంబరు 5 నాటికి ఆమెకు పెళ్లి కాలేదు. అంటే మన రాష్ట్ర చట్టం ప్రకారమే ఆమె అప్పటి నుంచి కోపార్సెనర్. తమ్ముళ్లు చెబుతున్న 1996 నాటికి పొలంలో ఆమెకు పుట్టువాటా ఉంది. బి-4లో ఆమె పేరు లేదు, సంతకం లేదు, వాటా లేదు. వాళ్లు చెప్పిన తేదీనే ఒప్పుకున్నా, ఒక హక్కుదారును వదిలేసి చేసుకున్న పంపకం అది. మా క్లయింటును అడ్డుకోవడానికి వాళ్లు పట్టుకొచ్చిన 1985 తేదీ వాళ్ల పంపకం కాళ్లకే చుట్టుకుంది.

రెండోది ఈసీ, అంటే పొలం మీద రిజిస్టరైన లావాదేవీల సర్టిఫికెట్. తమ్ముళ్లే బి-9గా వేశారు, పొలం మీద తర్వాతి లావాదేవీలు చూపించడానికి. అందులో మూడో వరసలో 1999 నాటి రిజిస్టర్డ్ తనఖా ఉంది. రాసింది తండ్రి, ఒక బ్యాంకుకు, 7 ఎకరాల 20 సెంట్లూ. 1996లో అంతా వదులుకుని ధాన్యం మీద బతుకుతున్నాడని చెబుతున్న మనిషి మూడేళ్ల తర్వాత మొత్తం పొలం తనఖా ఎలా పెట్టాడు? డిపోజిషన్లు, అంటే సాక్షుల వాంగ్మూలాలు, మళ్లీ చదివాం. పెద్ద తమ్ముడు (డి.డబ్ల్యు.1, ప్రతివాదుల మొదటి సాక్షి) క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒప్పుకున్న వాక్యం ఒకటి కనబడింది: "1999లో బ్యాంకు లోను మా నాన్నగారే తీసుకున్నారు, నేను కూడా వెళ్లాను." మూడేళ్లుగా రికార్డులో ఉన్న వాక్యం. కింది కోర్టు తీర్పులో దాని ఊసే లేదు, మా డ్రాఫ్టులోనూ లేదు.

తనఖా దస్తావేజు సర్టిఫైడ్ కాపీ తీసి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 41 రూల్ 27 కింద అదనపు సాక్ష్యంగా వేద్దామని జూనియర్ అంది. ఆలోచన మంచిదే. కానీ దాని మీద కౌంటర్, వాదనలు, ఆ వంకతో కేసు వెనక్కి పంపమని అడిగే అవకాశం ఉంది. అప్పటికి క్లయింటు తిరగడం మొదలుపెట్టి ఎనిమిదేళ్లు. ఈసీ, ఒప్పుకోలు రెండూ రికార్డులో ఉన్నప్పుడు మూడోది అవసరం లేదని ఆపాను.

మూడోది బి-4లోని తెలుగు. కింది కోర్టు తీర్పు ఇంగ్లీషులో ఉంది. ఆ కాగితం గతంలో జరిగిన పంపకాన్ని జ్ఞాపకార్థం రాసుకున్నదని జడ్జిగారు సారాంశం రాశారు. మా డ్రాఫ్టు ఆ సారాంశాన్నే ఎత్తి రాసింది. అసలు కాగితం తీసి చదివాను. "ఇందుమూలముగా ఈ దిగువ షెడ్యూలు ఆస్తులను మనలో మనము పంచుకొనుచున్నాము. నేటి నుండి ఎవరి భాగము వారు అనుభవించుకొనవలెను" అని ఉంది. పంచుకున్నాము కాదు, పంచుకొనుచున్నాము. ఈ ఒక్క క్రియ దగ్గర కేసు తిరిగింది. 1976లో కాలే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: ముందే జరిగిన కుటుంబ ఒప్పందాన్ని గుర్తుగా రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఆ కాగితమే హక్కులు సృష్టిస్తుంటే రిజిస్ట్రేషన్ తప్పదు. ఎదుటి పక్షం కాలే తీర్పును తమ బలమనుకుంది. అసలు తెలుగు చదివితే అది మా బలం. మన దస్తావేజులు తెలుగులో ఉంటాయి, తీర్పులు ఇంగ్లీషులో ఉంటాయి. మధ్యలో పోయేది ఇలాంటి క్రియలే.

మనకు అడ్డొచ్చే పేరా

వినీతా శర్మ వంద పేజీలు దాటిన తీర్పు. చాలామంది చివరి జవాబులు మాత్రం చదువుతారు. జూనియర్ కూడా మొదటి జవాబు ఎత్తి రాసి ఆగిపోయింది. అయిదో జవాబులో మాకు ఇబ్బంది కలిగించే మాట ఉంది. అసలు తీర్పులో అది 129వ పేరా, సుప్రీంకోర్టు కేసెస్ అనే తీర్పుల సంపుటంలో 137వ పేరా. కోర్టులో రెండు నంబర్లూ చెప్పాలి, లేకపోతే జడ్జిగారు ఒక పుస్తకంలో, మనం ఇంకో ప్రింటులో వెతుక్కుంటూ ఉంటాం.

6వ సెక్షన్ అయిదో ఉపసెక్షన్ 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాలను ముట్టుకోదు. కింది కోర్టు ఇంతవరకే రాసుకుంది. దాని కిందే వివరణ ఉంది: పంపకం అంటే రిజిస్టర్డ్ దస్తావేజు ద్వారా గానీ, కోర్టు డిక్రీ ద్వారా గానీ జరిగినది మాత్రమే. దీన్ని వినీతా శర్మ గట్టిగా నిలబెట్టింది. నోటిమాట పంపకాన్ని ఒప్పుకోకూడదంది. కానీ ఒక మినహాయింపు ఉంచింది: అసాధారణ సందర్భాల్లో, ఆ పంపకానికి పబ్లిక్ డాక్యుమెంట్ల ఆసరా ఉండి, అది కోర్టు డిక్రీతో జరిగినంత స్పష్టంగా చివరికి రుజువైతే, ఒప్పుకోవచ్చని.

తమ్ముళ్ల దగ్గర 1997 నాటి పట్టాదారు పాసుపుస్తకాలున్నాయి, చెరి 3 ఎకరాల 60 సెంట్లకు. వాళ్ల లాయరు ఈ మినహాయింపు మీదే నిలబడతారని తెలుసు. మేము రెండు దార్లు ఆలోచించాం. ఆ పేరా ప్రస్తావించకుండా వదిలేయడం ఒకటి. మేమే ముందు చెప్పి జవాబివ్వడం రెండోది. నా అనుభవంలో జడ్జి నమ్మకం పోయేది మొదటి దారిలోనే. ఎదుటి పక్షం ఆ పేరా చదివిన క్షణం నుంచి మనం చెప్పే ప్రతి సైటేషన్‌నూ ఆయన అనుమానంగా చూస్తారు. అందుకే పేరా పూర్తిగా ఎత్తి రాశాం. అందులో షరతులు రెండు, మధ్యలో 'మరియు' ఉంది, 'లేదా' కాదు అని చూపించాం. పబ్లిక్ డాక్యుమెంట్ ఉంటే సగమే అయింది, పంపకం డిక్రీతో సమానంగా రుజువు కావాలి.

పాసుపుస్తకాల మీద కూడా ఇలాగే చేశాం. 1971 నాటి పాసుపుస్తకాల చట్టం 6వ సెక్షన్ హక్కుల రికార్డులోని నమోదులు నిజమని అనుకోమంటుంది, ఇది వాళ్లకు అనుకూలం. కానీ అదే సెక్షన్ తప్పని రుజువయ్యేదాకా మాత్రమే అంటుంది. రెవెన్యూ మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, హక్కును ఇవ్వదని సావర్ణి కేసులో 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రికార్డు మార్చేముందు సంబంధిత వ్యక్తులకు విడిగా నోటీసు ఇవ్వడం తప్పనిసరి అని మన హైకోర్టు ఫుల్ బెంచి 2007లో చిన్నం పాండురంగం కేసులో తేల్చింది. తమ్ముళ్లు నోటీసు ఫైలు వేయలేదు. అన్నిటికీ మించి, 1997లో పాసుపుస్తకాలు కొడుకుల పేర్లకు నిజంగానే మారి ఉంటే 1999లో బ్యాంకు తండ్రితో మొత్తం పొలం ఎలా రాయించుకుంది?

ఇంకో తీర్పు మాకు నిద్ర పట్టనివ్వలేదు. యెల్లపు ఉమామహేశ్వరి కేసు, 2015, మన రాష్ట్రం నుంచి వెళ్లిందే. రిజిస్టర్ కాని పంపకాల కాగితం ఆస్తి విభజన రుజువుకు పనికిరాదంది, అది మాకు మంచిదే. కానీ స్టాంపు సుంకం, జరిమానా కట్టాక కుటుంబ స్థితి విడిపోవడం, స్వాధీనం స్వభావం వంటి అనుబంధ విషయాలకు చూడవచ్చనీ అంది. కుటుంబం 1996లోనే విడిపోయిందని వాళ్లు దాన్ని వాడుకోవచ్చు. జవాబు మళ్లీ వినీతా శర్మలోనే దొరికింది: ఉత్త స్థితి విభజనతో పంపకం పూర్తికాదని ఆ తీర్పు చెప్పింది. దీన్ని పట్టుకోవడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. తీర్పు పైన ఉండే సారాంశం, హెడ్‌నోటులో ఆగిపోయి ఉంటే దొరికేది కాదు.

ఏం వదిలేశాం

గండూరి కోటేశ్వరమ్మ తీర్పు, 2011, మన ప్రాంతపు ఆడపిల్లలకు చాలా మేలు చేసిన తీర్పు. ప్రిలిమినరీ డిక్రీ, అంటే ఎవరి వాటా ఎంతో తేల్చే మొదటి డిక్రీ, అయ్యాక కూడా కూతుళ్ల వాటా సవరించవచ్చని చెప్పింది. జూనియర్ దానికి రెండు పేజీలు రాసింది. తీసేయమన్నాను. మా కేసులో ప్రిలిమినరీ డిక్రీయే లేదు. మంచి తీర్పును తీసేయడం ఆమెకు బాధ అనిపించింది, నాకు తెలుసు. చివరికి నిలిచినవి అయిదు: వినీతా శర్మ, యెల్లపు, కాలే, చిన్నం పాండురంగం, సావర్ణి.

వదిలేసినవాటిలో కష్టమైనది 80 సెంట్ల సంగతి. తమ్ముళ్లు 2002లో రిజిస్టర్డ్ దస్తావేజుతో మూడో మనిషికి అమ్మేశారు. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన అమ్మకాలను 6వ సెక్షన్ మొదటి ఉపసెక్షన్‌కున్న నిబంధన కాపాడుతుంది. ఆ ముక్క మీద పోరాడితే మిగతా వాదన బలం తగ్గుతుంది. క్లయింటును పిలిచి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఆ చేను మా అమ్మ నాట్లేసిన చేను మేడమ్ గారూ" అన్నారు. తర్వాత, "మీకు న్యాయం అనిపిస్తే వదిలేయండి" అన్నారు. రాసి ఇచ్చాకే వదిలాం. మిగిలింది 6 ఎకరాల 40 సెంట్లు. తల్లీతండ్రీ పోయారు కాబట్టి నలుగురికీ నాలుగో వంతు, ఆమెకు 1 ఎకరం 60 సెంట్లు.

ప్రత్యామ్నాయ వాదన కూడా పెట్టాలా అన్న చర్చ జరిగింది. పాత చట్టం లెక్కలో, చెల్లెలు కూడా కోపార్సెనరే కాబట్టి, తండ్రి వాటా, తల్లి వాటా కలిపి ఆమెకు పదహారో వంతు, అంటే 40 సెంట్లు వస్తుంది. పెట్టకపోతే క్లయింటుకు నష్టం జరగొచ్చు, ముందు పెడితే జడ్జికి మధ్యేమార్గం మనమే చూపినట్టవుతుంది. చివరి పేజీలో అయిదు వరసల్లో పెట్టాం.

రాసిన తీరు

మొదటి డ్రాఫ్టులో ఒక పేరా ఇలా మొదలైంది, అసలు ఇంగ్లీషు, భావం తెలుగులో ఇస్తున్నాను: "కూతురికి కొడుకుతో సమాన హక్కు ఉందని గౌరవ సుప్రీంకోర్టు అనేక తీర్పుల్లో పదేపదే స్పష్టం చేసింది." కొత్త డ్రాఫ్టులో అదే చోట: "1996లో పొలం వదులుకున్నాడని చెబుతున్న తండ్రి 1999లో అదే పొలం మొత్తం తనఖా పెట్టాడు. బి-9, మూడో నమోదు. డి.డబ్ల్యు.1 క్రాస్‌లో దీన్ని ఒప్పుకున్నాడు." సైటేషన్ ఈ వాక్యాల తర్వాత వచ్చింది. రికార్డు చదివాక జడ్జిగారి మనసులో వచ్చే ప్రశ్నకు చట్టం జవాబుగా అందాలి. చట్టం ముందు పెడితే అది పాఠంలా ఉంటుంది, వాస్తవం దాని కింద నలిగిపోతుంది.

శీర్షికలన్నీ పూర్తి వాక్యాలుగా మార్చాం. "నోటిమాట పంపకం గురించి" అన్నది "బి-4 హక్కులు సృష్టించే కాగితం, రిజిస్టర్ కాలేదు" అయింది. శీర్షికలు మాత్రం చదివినా మా వాదన అర్థం కావాలి, రోజుకు అన్ని కేసులు చూసే జడ్జికి మనం చేయగల సాయం అదే. ఉల్లేఖనలు నాలుగు వరసలు దాటనివ్వలేదు, అయిదో జవాబు ఒక్కటే మినహాయింపు. 31 పేజీలు 9 అయ్యాయి. తొమ్మిది పేజీలు రాయడానికి మూడు వారాలు పట్టింది.

వాదన రోజు జడ్జిగారు మొదట అడిగింది యెల్లపు గురించే. ఆరో పేజీ చూడమన్నాను. చదివి, బి-4 అసలు కాగితం తెప్పించుకుని, తెలుగులో పైకి చదివారు. 'పంచుకొనుచున్నాము' దగ్గర ఆగి ఎదుటి లాయరుగారి వైపు చూశారు. ఆయన పసుపు కుంకుమల కింద బంగారం పెట్టారని, పెళ్లి ఘనంగా చేశారని చెప్పారు.

అప్పీలు గెలిచాం. 6 ఎకరాల 40 సెంట్లలో నాలుగో వంతుకు ప్రిలిమినరీ డిక్రీ ఇచ్చారు. తీర్పులో తనఖాకు రెండు పేరాలు, చెల్లెలి 1991 పెళ్లికి ఒక పేరా ఉన్నాయి. గత ఆదాయం, అంటే ఆమె వాటా మీద ఇన్నాళ్లూ తమ్ముళ్లు తీసుకున్న ఫలసాయం, మేము అడిగినట్టు ఇవ్వలేదు, అది విడిగా విచారణ చేసుకోమన్నారు. దానికి కావాల్సిన దిగుబడి లెక్కలు మేము సరిగా రికార్డులోకి తేలేదు, ఆ లోటు మాదే.

తమ్ముళ్లు హైకోర్టులో రెండో అప్పీలు వేశారు, స్టే రాలేదు. పొలాన్ని హద్దులతో విడదీయమని అడిగే ఫైనల్ డిక్రీ పిటిషన్ మా జూనియరే రాసింది, నాలుగు పేజీలు. ఈసారి రూళ్ల కాగితం తేదీల పట్టిక పైన పిన్ చేసి తెచ్చింది. వచ్చే వాయిదాకు కోర్టు నియమించిన కమిషనర్, సర్వేయర్ పొలం మీదకు వెళ్తారు. కాలవ వైపు ముక్క ఎవరి భాగానికి రావాలన్నది ఇప్పుడు నడుస్తున్న గొడవ.